ఆ కాలపు తూకంలోనే థామస్ జెఫర్సన్

1805 డిసెంబరు 9. అది రంజాన్ మాసం. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని అధ్యక్ష భవనంలో ఆ రోజు ఒక విందు ఏర్పాటయింది. ముఖ్య అతిథి ట్యునీషియా పాలకుడు పంపిన రాయబారి సిదీ సులైమాన్ మెల్లిమెల్లి. ట్రిపోలీ యుద్ధ సమయంలో అమెరికా నౌకాదళం పట్టుకున్న తమ ఓడల వ్యవహారం తేల్చుకోవడానికి ఆయన సముద్రం దాటి వచ్చారు. ఆ భవనంలో మామూలుగా విందు వేళ మధ్యాహ్నం మూడున్నర. రాయబారి ఉపవాసం ఉన్నారని తెలిసి అధ్యక్షుడు విందును సూర్యాస్తమయానికి మార్పించారు. ఆనాడు దానికి ఎవరూ ఇఫ్తార్ అని పేరు పెట్టలేదు. అయినా అమెరికా అధ్యక్ష భవనంలో జరిగిన తొలి ఇఫ్తార్ విందుగా నేడు చాలామంది దాన్ని చెప్పుకుంటారు.

ఆ అధ్యక్షుడి పేరు థామస్ జెఫర్సన్. మనుషులంతా సమానంగానే పుట్టారని లోకానికి చాటిన అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను రచించినది ఆయనే. ఆ రోజుల్లో ఆయన వంటగదిలో పనిచేసిన వారిలో ఎడిత్ ఒకరు. అప్పటికి ఆమె వయసు పద్దెనిమిదేళ్లు. ఫ్రెంచి వంటకాలు నేర్పించడానికి ఆయన తన స్వగ్రామం నుంచి ఆమెను పిలిపించుకున్నారు. ఆమె ఆయన బానిస.

పరాయి మతస్థుని ఉపవాసాన్ని గౌరవించిన మనిషి, ఆ వంట చేసే మనిషిని సొంత ఆస్తిగా లెక్క రాసుకున్నాడు. ఇటువంటి వారిని ఎలా అంచనా వేయాలి? ఈ ప్రశ్నకు తరచుగా వినిపించే జవాబు ఒకటుంది. పాతకాలపు పెద్దలను నేటి కొలబద్దతో కొలవరాదు, వారి కాలపు ప్రమాణాలతోనే చూడాలి అంటారు. న్యాయమైన మాటే. అయితే ఆ కాలపు ప్రమాణాలు నిజంగా ఏమిటో తెలుసుకోకుండా ఆ మాట అనేసి ఊరుకుంటే అది తీర్పు కాదు, తప్పించుకోవడం అవుతుంది. జెఫర్సన్ జీవితాన్ని ఆయన కాలంలోనే, ఆయన ఇరుగుపొరుగుల మధ్యనే నిలబెట్టి చూద్దాం.

ఖుర్ఆన్ కొన్న విద్యార్థి

జెఫర్సన్ 1743 ఏప్రిల్ 13న వర్జీనియాలోని షాడ్వెల్‌లో జన్మించారు. అప్పటికి అది బ్రిటిష్ వలస ప్రాంతం. తండ్రి పీటర్ భూములు కొలిచే సర్వేయరు, పొగాకు తోటల యజమాని. జెఫర్సన్‌కు పద్నాలుగేళ్లప్పుడు తండ్రి మరణించారు. వేల ఎకరాల భూమి, దానితో పాటు దానిమీద పనిచేసే నల్లజాతి బానిసలు వారసత్వంగా సంక్రమించాయి. బానిసలను ఆయన కోరి తెచ్చుకోలేదు, ఆ వ్యవస్థలోనే పుట్టారు. ఆయన పక్షాన చెప్పవలసిన మొదటి మాట ఇది.

విలియమ్స్‌బర్గ్‌లో కళాశాల చదువు ముగించి, జార్జ్ వైత్ అనే గొప్ప న్యాయవాది వద్ద న్యాయశాస్త్రం అభ్యసించారు. 1765లో, ఇరవై రెండేళ్ల వయసులో, ఆయన ఒక పుస్తకం కొన్నారు. అది జార్జ్ సేల్ చేసిన దివ్య ఖుర్ఆన్ ఆంగ్లానువాదం, రెండు సంపుటాలు. ఇస్లాం గురించి ఆయన అభిప్రాయాలు ఆనాటి యూరప్ రచయితల అపోహలను పూర్తిగా దాటలేదు. అయినా ఆ గ్రంథాన్ని సంపాదించి, దాచుకుని, తన పేరు తొలి అక్షరాలతో గుర్తు పెట్టుకున్నారు.

న్యాయవాదిగా ఆయన తొలి అడుగులు ఆశాజనకంగానే ఉన్నాయి. 1770లో శామ్యూల్ హవెల్ అనే మిశ్రజాతి యువకుడు తన స్వేచ్ఛ కోసం కోర్టుకెక్కాడు. జెఫర్సన్ అతని పక్షాన వాదించారు. ప్రకృతి ధర్మం ప్రకారం ప్రతి మనిషీ స్వేచ్ఛగానే పుడతాడన్నది ఆయన వాదన. కేసు ఓడిపోయారు. కానీ ఆ వాదన ఆయన నోట అప్పటికే వచ్చిందన్న సంగతి మనం గుర్తుంచుకోవాలి. బానిసత్వం తప్పని ఆయనకు ఎవరో తర్వాతి తరాల వారు నేర్పలేదు. ఇరవై ఏడేళ్ల వయసులోనే ఆయనకు తెలుసు.

1772లో మార్తా వేల్స్‌ను వివాహమాడారు. మరుసటి ఏడాది మామగారు మరణించడంతో 135 మంది బానిసలు, వారితో పాటు భారీ అప్పులు ఆయన చేతికి వచ్చాయి. ఆ 135 మందిలో హెమింగ్స్ కుటుంబం ఉంది. ఆ కుటుంబంలోని కొందరు పిల్లలకు తండ్రి మార్తా తండ్రే. అంటే ఆమె తోబుట్టువులే ఆమె ఇంట బానిసలయ్యారు.

ప్రకటన, చట్టం

1776లో ఫిలడెల్ఫియాలో సమావేశమైన వలస రాష్ట్రాల ప్రతినిధులు స్వాతంత్ర్య ప్రకటనను రాసే బాధ్యతను ఐదుగురి సంఘానికి అప్పగించారు. కలం పట్టినది ముప్పై మూడేళ్ల జెఫర్సన్. మనుషులందరూ సమానులని, ప్రాణం, స్వేచ్ఛ, సుఖాన్వేషణ సృష్టికర్త ఇచ్చిన హక్కులని, వాటిని కాలరాసే ప్రభుత్వాన్ని మార్చుకునే అధికారం ప్రజలకుందని ఆయన రాశారు. చిత్తుప్రతిలో బానిసల వ్యాపారాన్ని తీవ్రంగా ఖండించే భాగం కూడా చేర్చారు. దక్షిణాది ప్రతినిధుల అభ్యంతరంతో ఆ భాగాన్ని తొలగించారు.

ఆ రోజుల్లో ఆయన బసలో సేవ చేసినది రాబర్ట్ హెమింగ్స్ అనే పద్నాలుగేళ్ల బాలుడు. మార్తాకు సవతి తమ్ముడు. సమానత్వం గురించి కాగితం మీద అక్షరాలు ఆరకముందే దాన్ని ప్రశ్నించే సాక్షి ఆ గదిలోనే ఉన్నాడన్నమాట.

ఆ అక్షరాల బలం ఎంతటిదో తెలుసుకోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఏడాది తిరగకుండానే, 1777 జనవరిలో, మసాచుసెట్స్ రాష్ట్రంలో ప్రిన్స్ హాల్ మొదలైన నల్లజాతి వారు అక్కడి శాసనసభకు విజ్ఞాపన సమర్పించారు. మనుషులందరికీ ఉన్న సహజ హక్కు తమకూ ఉందని, బానిసత్వం నుంచి తమను విడిపించమని అందులో కోరారు. ప్రకటనలోని భావాన్ని దాని రచయిత కంటే వారే పూర్తిగా అర్థం చేసుకున్నారు.

జెఫర్సన్ చేసిన మరో గొప్ప పని వర్జీనియా మతస్వేచ్ఛా చట్టం. 1777లో ముసాయిదా తయారు చేశారు. ఆయన మిత్రుడు జేమ్స్ మాడిసన్ పట్టుదలతో 1786 జనవరి 16న అది శాసనమయింది. ఎవరినీ బలవంతంగా ఏ చర్చికీ పంపరాదు, చందా కట్టమనరాదు, విశ్వాసం కారణంగా ఏ పౌరుడి హక్కులూ తగ్గరాదు అన్నది దాని సారాంశం. ఈ చట్టం క్రైస్తవుల కోసమే కాదని, యూదులు, ముస్లింలు, హిందువులు, ఏ మతమూ నమ్మని వారు అందరూ దీని నీడలోకి వస్తారని ఆయన తన ఆత్మకథలో స్పష్టం చేశారు. యూరప్‌లో చాలా దేశాలు భిన్న విశ్వాసుల హక్కులను ఇంకా పూర్తిగా గుర్తించని కాలమది. ఆ కాలపు తూకంలో ఇది ఆయన పళ్లెంలో పడే బరువైన పుణ్యం.

1784లో మరో ప్రయత్నం చేశారు. పశ్చిమాన కొత్తగా ఏర్పడే రాష్ట్రాల్లో 1800 తర్వాత బానిసత్వం ఉండరాదని ప్రతిపాదించారు. ఒక్క ఓటు తేడాతో అది వీగిపోయింది.

మౌనం మొదలైంది

ఇక్కడి నుంచి కథ మలుపు తిరుగుతుంది. 1782లో భార్య మరణించారు. 1784లో రాయబారిగా పారిస్ వెళ్లారు. అక్కడ ప్రచురించిన తన వర్జీనియా గ్రంథంలో బానిసత్వం యజమానులను కూడా చెడగొడుతుందని, దేవుని న్యాయం తలచుకుంటే తనకు భయం వేస్తుందని రాశారు. అదే పుస్తకంలో నల్లజాతి వారు బుద్ధిలో తెల్లవారికంటే తక్కువ కావచ్చన్న అనుమానాన్నీ రాశారు. తర్వాతి తరాల్లో బానిసత్వాన్ని సమర్థించిన వారికి ఆ రాతలు ఆయుధమయ్యాయి.

1787లో పద్నాలుగేళ్ల శాలీ హెమింగ్స్ ఆయన కుమార్తెకు తోడుగా పారిస్ చేరింది. ఈమె కూడా మార్తాకు సవతి చెల్లెలే. ఫ్రాన్స్‌లో ఆమె స్వేచ్ఛ కోరుకునే వీలుంది. అయినా జెఫర్సన్‌తో తిరిగి వర్జీనియా వచ్చింది. తర్వాతి సంవత్సరాల్లో ఆమెకు ఆరుగురు పిల్లలు పుట్టారు. వారి తండ్రి జెఫర్సనేనన్న మాట ఆయన అధ్యక్షుడిగా ఉన్నప్పుడే పత్రికలకెక్కింది. ఆయన బహిరంగంగా జవాబు చెప్పలేదు. 1998లో జరిగిన డి.ఎన్.ఎ. పరీక్ష, జనన తేదీల వంటి ఇతర ఆధారాలు చూశాక నేడు చాలామంది చరిత్రకారులు దాన్ని అంగీకరిస్తున్నారు. యజమానికి, ఆయన ఆస్తిగా ఉన్న బాలికకు మధ్య ఇష్టాయిష్టాల ప్రసక్తి ఎంతవరకు ఉంటుందో పాఠకులే గ్రహించగలరు.

కొండ మీద ఆయన కట్టుకున్న మాంటిచెల్లో భవనం నేటికీ అందానికి పెట్టింది పేరు. దాని పక్కన 1794లో మేకులు చేసే కొలిమి పెట్టారు. పదేళ్ల నుంచి పదహారేళ్ల లోపు బానిస బాలురు అక్కడ మేకులు కొట్టేవారు. జీవితం మొత్తం మీద ఆయన ఆరు వందల మందికి పైగా బానిసలకు యజమాని.

ఇరుగుపొరుగులు చెప్పే సాక్ష్యం

అందరూ అలాగే ఉండేవారు కదా అన్న మాట నిలుస్తుందా? ఆ కాలంలోని మనుషులనే అడుగుదాం.

1780లో పెన్సిల్వేనియా బానిసత్వాన్ని క్రమంగా రద్దు చేసే చట్టం తెచ్చింది. 1783 నాటి తీర్పులతో మసాచుసెట్స్‌లో అది కూలిపోయింది. క్వేకర్లు అనే క్రైస్తవ వర్గం వారు అప్పటికే తమ సభ్యులు బానిసలను ఉంచుకోరాదని కట్టుబాటు చేసుకున్నారు. ప్రకటనను తయారు చేసిన ఐదుగురి సంఘంలోనే ఉన్న జాన్ ఆడమ్స్ జీవితంలో ఒక్క బానిసను కూడా కొనలేదు.

అది ఉత్తరాది సంగతి అనవచ్చు. వర్జీనియానే చూద్దాం. 1782లో అక్కడి శాసనసభ యజమానులు తమ బానిసలను సొంతంగా విడుదల చేయవచ్చని చట్టం చేసింది. 1791లో రాబర్ట్ కార్టర్ అనే పెద్ద భూస్వామి 450 మందికి పైగా బానిసల విడుదలకు దస్తావేజు రాశారు. ఆయన పేరు నేడు ఎవరికీ అంతగా తెలియదు. జెఫర్సన్‌కు చదువు చెప్పిన గురువు జార్జ్ వైత్ తన బానిసల్లో కొందరిని విడిపించారు. 1799లో మరణించిన జార్జ్ వాషింగ్టన్ తన సొంత బానిసలు 123 మందికి వీలునామాలో స్వేచ్ఛ రాశారు. వీరంతా అదే నేల మీద, అదే చట్టాల కింద, అదే పొగాకు మీద బతికినవారు.

ఇక జెఫర్సన్‌కు నేరుగా అందిన ఉత్తరాలు చూడండి. 1791 ఆగస్టులో మేరీలాండ్‌కు చెందిన బెంజమిన్ బనెకర్ ఆయనకు లేఖ రాశారు. బనెకర్ స్వేచ్ఛగా పుట్టిన నల్లజాతి వాడు. స్వయంకృషితో గణితం, ఖగోళశాస్త్రం నేర్చుకుని పంచాంగం తయారు చేశారు. ఆ పంచాంగం జత చేసి, సమానత్వ ప్రకటన రాసిన చేతులే తన సోదరులను బంధించి ఉంచడం ఏమి న్యాయమని సూటిగా అడిగారు. జెఫర్సన్ పదకొండు రోజుల్లో మర్యాదగా జవాబిచ్చారు. పంచాంగాన్ని ఫ్రాన్స్‌లోని పండితుడు కాండోర్సేకు పంపుతున్నానన్నారు. అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు లేదు. ఏళ్ల తర్వాత ఒక మిత్రునికి రాస్తూ బనెకర్ ప్రతిభనే తక్కువ చేశారు.

1814లో ఎడ్వర్డ్ కోల్స్ అనే యువకుడు, జెఫర్సన్ సొంత జిల్లావాడే, లేఖ రాశాడు. మీ మాటకున్న విలువతో బానిసత్వ నిర్మూలనకు నాయకత్వం వహించండని వేడుకున్నాడు. తాను వృద్ధుడినయ్యానని, అది యువకుల పని అని జెఫర్సన్ బదులిచ్చారు. పైగా బానిసలను వదిలి రాష్ట్రం విడిచిపోవద్దని సలహా ఇచ్చారు. కోల్స్ ఆ సలహా వినలేదు. 1819లో తన బానిసలను తీసుకుని పడమర దారి పట్టి, ఒహైయో నది మీద పడవలోనే వారికి విడుదల ప్రకటించాడు. ఇల్లినాయిలో వారి కుటుంబాలకు 160 ఎకరాల చొప్పున భూమి ఇచ్చాడు. ఆ రాష్ట్రానికి గవర్నరై, అక్కడ బానిసత్వాన్ని తేవాలన్న ప్రయత్నాన్ని 1824లో ఓడించాడు.

పోలెండ్ వీరుడు కొషుష్కో అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడినవాడు. 1798లో వీలునామా రాసి, అమెరికాలోని తన సొమ్ముతో బానిసలను విడిపించి చదువు చెప్పించమని జెఫర్సన్‌ను కోరాడు. జెఫర్సన్ బానిసలనే ఆ సొమ్ముతో విడిపించవచ్చనీ అందులో ఉంది. కొషుష్కో 1817లో మరణించాక ఆ బాధ్యత స్వీకరించడానికి జెఫర్సన్ నిరాకరించారు. వృద్ధాప్యం, కోర్టు చిక్కులు కారణమన్నారు.

ఆయన ఇబ్బందులు నిజమైనవే. అప్పులవాళ్ల దృష్టిలో బానిసలు జప్తు చేయదగిన ఆస్తి. 1806 తర్వాత విడుదలైన వారు ఏడాదిలోగా వర్జీనియా విడిచి పోవాలని కొత్త చట్టం వచ్చింది. కానీ 1782 నుంచి 1806 వరకు, ఇరవై నాలుగేళ్ల పాటు ఆ తలుపు తెరిచే ఉంది. ఆ కాలంలో ఆయన విడిపించినది ఇద్దరిని. ఒకరు రాబర్ట్ హెమింగ్స్, మరొకరు అతని తమ్ముడు, వంటవాడు జేమ్స్. అప్పులు పెరగడానికి విలాసవంతమైన ఇల్లు, ఫ్రాన్స్ నుంచి తెప్పించిన మద్యం, పుస్తకాలు కూడా కారణమే.

అరబీ అక్షరాలు

1801 నుంచి 1809 వరకు ఆయన అధ్యక్షుడు. 1803లో కోటిన్నర డాలర్లకు ఫ్రాన్స్ నుంచి లూసియానా కొని దేశ విస్తీర్ణాన్ని దాదాపు రెట్టింపు చేశారు. విదేశాల నుంచి బానిసల దిగుమతిని నిషేధించే చట్టంపై 1807లో సంతకం చేశారు. 1808 జనవరి 1 నుంచి అది అమలయింది. ఇది కూడా ఆయన పుణ్యం పళ్లెంలో వేయవలసిందే.

అదే 1807లో, తలుపు మూసుకునే ముందు, ఒక ఓడ చార్లెస్టన్ రేవు చేరింది. అందులో పశ్చిమాఫ్రికాలోని ఫూతా తోరో ప్రాంతపు పండితుడు ఉమర్ ఇబ్న్ సయీద్ బందీగా ఉన్నారు. ఇరవై ఐదేళ్ల పాటు ధార్మిక విద్య అభ్యసించిన మనిషిని సంతలో అమ్మారు. ఆ సంవత్సరమే అక్టోబరులో జెఫర్సన్ చేతికి అరబీ రాతప్రతులు అందాయి. కెంటకీలో నిర్బంధంలో పడిన ఇద్దరు ఆఫ్రికన్ ముస్లింలు రాసినవి అవి. ఆయన చదవలేకపోయారు. అనువాదం కోసం ఫిలడెల్ఫియాలోని మిత్రునికి పంపారు. ఖుర్ఆన్‌ను అల్మరాలో పెట్టుకున్న దేశాధ్యక్షుడి పాలనలో, ఖుర్ఆన్‌ను కంఠస్థం చేసిన వారు సంకెళ్లలో ఉన్నారు.

మనవైపు కూడా నిజాయితీగా చూసుకోవాలి. 1805 విందుకు వచ్చిన రాయబారి దేశంలోనూ బానిసలున్నారు. ఆ రేవుల్లో యూరప్ ఖైదీలూ, ఆఫ్రికా నల్లవారూ అమ్ముడయ్యేవారు. ఆ బల్ల దగ్గర అతిథీ, గృహస్థుడూ ఇద్దరూ ఆ పాపపు నేలల నుంచే వచ్చారు. ట్యునీషియా పాలకుడు అహ్మద్ బే 1846లో బానిసత్వాన్ని రద్దు చేశారు. అమెరికాలో అది పూర్తిగా రద్దు కావడానికి అంతర్యుద్ధం, ఆరు లక్షలకు పైగా ప్రాణాలు, 1865 సంవత్సరం కావలసి వచ్చాయి.

చివరి లెక్క

1826 జూలై 4న, స్వాతంత్ర్య ప్రకటనకు సరిగ్గా యాభై ఏళ్లు నిండిన రోజున, జెఫర్సన్ మాంటిచెల్లోలో కన్నుమూశారు. అదే రోజు జాన్ ఆడమ్స్ కూడా మరణించారు. తన సమాధి మీద మూడే విషయాలు రాయమని జెఫర్సన్ ముందే చెప్పారు. స్వాతంత్ర్య ప్రకటన, మతస్వేచ్ఛా చట్టం, వర్జీనియా విశ్వవిద్యాలయ స్థాపన. అధ్యక్ష పదవిని అందులో చేర్చలేదు.

వీలునామాలో ఐదుగురికి స్వేచ్ఛ ఇచ్చారు. మిగిలింది లక్ష డాలర్లకు మించిన అప్పు. 1827 జనవరిలో ఆ ఇంటి ముంగిట వేలం జరిగింది. సామాన్లు, పశువులతో పాటు 130 మంది మనుషులు వేలానికి వచ్చారు. విడుదలైన ఐదుగురిలో కమ్మరి జో ఫాసెట్ ఒకరు. ఆయన భార్యే ఎడిత్. అధ్యక్ష భవనం వంటగదిలో పనిచేసిన ఎడిత్. ఆమెనూ, వారి పిల్లలనూ వేర్వేరు వ్యక్తులు వేలంలో కొన్నారు. స్వేచ్ఛ పొందిన భర్త తర్వాతి సంవత్సరాలన్నీ కొలిమిలో సంపాదించిన సొమ్ముతో భార్యనూ, పిల్లల్లో కొందరినీ విడిపించుకోవడానికి వెచ్చించాడు.

2021లో న్యూయార్క్ నగర పాలక సభామందిరం నుంచి జెఫర్సన్ విగ్రహాన్ని తొలగించారు. నూరేళ్లకు పైగా అది అక్కడ ఉండేది. తొలగించడం సరైనదని కొందరు, ఆ కాలపు మనిషిని ఈ కాలపు కళ్లతో శిక్షించరాదని కొందరు వాదించుకున్నారు. ఆ కాలపు తూకంతోనే చూడాలన్న వారి మాటను మనం సంతోషంగా ఒప్పుకుందాం. కానీ ఆ కాలం జెఫర్సన్‌ది మాత్రమే కాదు. అది కార్టర్ కాలం, కోల్స్ కాలం, బనెకర్ కాలం, ఎడిత్ కాలం కూడా. తూకం వేసేటప్పుడు యజమానుల రాళ్లే వాడి, బానిసల సాక్ష్యాన్ని పక్కన పెడితే అది ఆ కాలపు ప్రమాణం ఎలా అవుతుంది? ఆ కాలమే ఆయన ముందు ప్రశ్న ఉంచింది, దారి చూపింది, తోడు వస్తానంది. ఆయన కదలలేదు.

అలాగని ఆయన రాసిన మాటలను పారవేయనవసరం లేదు. ఆ మాటలనే పట్టుకుని నల్లజాతి వారు తమ హక్కులు అడిగారు, సాధించుకున్నారు. నేటికీ అడుగుతూనే ఉన్నారు. మంచి మాట ఎవరి నోట వచ్చినా అది మంచిమాటే. దాన్ని చెప్పినవాడు పాటించకపోతే ఆ లోటు చెప్పినవాడిది. మన పిల్లలకు మహనీయుల జీవితాలు చెప్పేటప్పుడు సగం దాచి దేవతలను చేయడం, సగం దాచి దుర్మార్గులను చేయడం రెండూ అన్యాయమే. ఉన్నది ఉన్నట్టు చెప్పగలిగితే వారు తమ కాలంలో తమ ముందున్న ప్రశ్నను గుర్తుపట్టగలుగుతారు.

జెఫర్సన్ తన గ్రంథాలయాన్ని 1815లో దేశానికి అమ్మారు. ఆరు వేలకు పైగా పుస్తకాలు అమెరికా కాంగ్రెస్ లైబ్రరీకి చేరాయి. 1851లో జరిగిన అగ్నిప్రమాదంలో వాటిలో చాలా భాగం బూడిదయ్యాయి. ఖుర్ఆన్ సంపుటాలు మిగిలాయి. 2007 జనవరిలో, అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన తొలి ముస్లిం కీత్ ఎల్లిసన్ లాంఛనంగా ప్రమాణం చేసింది ఆ ఖుర్ఆన్ మీదే.

ఉమర్ ఇబ్న్ సయీద్ స్వేచ్ఛ పొందకుండానే బానిసగా మరణించారు. 1831లో ఆయన అరబీలో తన జీవితకథ రాసుకున్నారు. సార్వభౌమాధికారమంతా అల్లాహ్‌దేనని చాటే సూరా ముల్క్‌తో దాన్ని ప్రారంభించారు. మనిషికి మరో మనిషి యజమాని కాలేడన్న సంగతి ఆయన అలా చెప్పుకున్నారు. 2017లో ఆ చేతిరాత ప్రతిని కూడా అదే లైబ్రరీ సంపాదించింది. యజమాని కొన్న ఖుర్ఆన్, బానిస రాసిన సూరా నేడు ఒకే లైబ్రరీలో ఉన్నాయి. ఆ కాలాన్ని తెలుసుకోగోరేవారు ఆ రెంటినీ చదవాలి.